హిమాలయన్‌కి కారు ఆండ్రాయిడ్ సెట్టు బిగించాలి – మ్యాపు, పాటలు రెండూ

గండికోట_రైడర్
బావ కారు అమ్మేస్తూ, అందులో తను పెట్టించుకున్న 7 అంగుళాల ఆండ్రాయిడ్ సెట్టు, డోర్ స్పీకర్లు ఒక జత పీకించి నా చేతిలో పెట్టాడు. నా దగ్గరున్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు, బీఎస్4. దానికి బిగిద్దామని తిరుగుతున్నాను. కారు షాపువాడు బైకు షాపుకి పొమ్మంటాడు, బైకు షాపువాడు కారు షాపుకి పొమ్మంటాడు. పుత్లీబౌలిలో ఒకాయనైతే "ఏసీ కూడా పెట్టిద్దామా అన్నా" అని పక్కవాడికి సైగ చేసి మరీ నవ్వాడు.

నాకు కావాల్సింది పెద్ద తెర మీద మ్యాపు, సిటీ దాటాక కాసిని పాటలు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం, గండికోట, అప్పుడప్పుడూ మారేడుమిల్లి. నా తిరుగుడంతా ఇదే. బైకు బ్యాటరీ దీన్ని మోస్తుందా? వెనకాల ఇన్ని రంగుల వైర్లు వేలాడుతున్నాయి, ఏది దేనికి? వానొస్తే ఏం చేయాలి? "ఫోన్ పెట్టుకో" అనే సలహా మాత్రం వద్దు.

కోఠీ_కుర్రాడు
ఫోన్ పెట్టుకో.

గండికోట_రైడర్
మొదటి రిప్లై అదే వస్తుందని తెలుసు.

బుల్లెట్_బాబాయ్
మా కాలనీలో ఒకతను యాక్టివాకి రెండు స్పీకర్లు కట్టాడు. పొద్దున్నే పాట పెట్టుకుని వస్తుంటే చెత్తబండి అనుకుని జనం బకెట్లు పట్టుకుని గేటు దగ్గరికొస్తున్నారు.

ఆటోనగర్_వైరింగ్
నవ్వేవాళ్లని నవ్వనీ తమ్ముడూ. పని అవుతుంది, కాకపోతే లెక్క చూసుకుని చేయాలి. బెజవాడ ఆటోనగర్‌లో కార్లకీ లారీలకీ నేను చేసేది ఇదే పని. బైకులకి కూడా చేశాను.

సెట్టు మీద "4 ఇంటూ 50 వాట్లు" అని రాసుంటుంది. అది అట్టపెట్టె మీద లెక్క. 4 ఓమ్స్ స్పీకరుకి లోపలున్న యాంప్లిఫయర్ ఐసీ (చిప్పు) నిలకడగా ఇచ్చేది ఛానెల్‌కి ఇంచుమించు 20 వాట్లు. అదీ ఫుల్ సౌండులో. రెండు స్పీకర్లు మామూలు సౌండులో పాడుతూ తెర వెలుగుతుంటే మొత్తం 3 ఆంపియర్లు, అంటే 40 వాట్లు అనుకో.

ఇప్పుడు బండి వైపు చూద్దాం. ఆల్టర్నేటర్ రెండొందల వాట్ల చిల్లర ఇస్తుంది. అందులో హెడ్‌లైటుకి 55 పోతుంది. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లలో ఇంజను తిరిగితే లైటు వెలుగుతూనే ఉండాలి కాబట్టి దాన్ని ఆర్పి మిగుల్చుకునే దారి లేదు. పెట్రోల్ పంపు, ఈసీయూ (ఇంజను కంప్యూటర్), ఇగ్నిషన్, ఏబీఎస్, టెయిల్ లైటు కలిపి ఇంకో 60, 70. హైవే మీద పోతున్నంతసేపూ మిగులు ఉంటుంది. అమీర్‌పేట సిగ్నల్లో ఐడిల్‌లో నిలబడితే ఉండదు, ఆ కాసేపు బ్యాటరీయే భరించాలి. నీది 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ. కారులో 35 ఏహెచ్‌కి అలవాటైన సెట్టు అది.

ఫాగ్ లైట్లు ఏమైనా వేయించావా?

గండికోట_రైడర్
ఉన్నాయి అన్నా. ఎల్ఈడీవి రెండు, ఒక్కోటి 20 వాట్లని డబ్బా మీద ఉంది.

ఆటోనగర్_వైరింగ్
అయితే పాటలు, ఫాగ్ లైట్లు ఒకేసారి వద్దు. ఘాట్‌లో రాత్రిపూట నీకు కావాల్సింది లైట్లు.

నల్లమల_బాట
శ్రీశైలం ఘాట్‌లో రాత్రి లైట్ల ప్రసక్తే లేదు. మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు, అటు దోర్నాల వైపూ అంతే. పులుల అభయారణ్యం అది. ఆ అడవిలో స్పీకర్లు పెట్టుకుని పాటలు వేస్తే ఫారెస్టువాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

మెకానిక్_మాట
ఇవన్నీ తగిలిస్తే స్టేటర్ (ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టే తీగచుట్ట) కాలిపోతుంది. నా దగ్గరికొచ్చిన బళ్లలో చూశాను. కొత్త స్టేటర్, ఆర్ఆర్ యూనిట్ (రెగ్యులేటర్) కలిపితే నీ సెట్టు ఖరీదు దాటుతుంది.

స్టేటర్_శాస్త్రి
పైన చెప్పింది సగమే నిజం. చాలా బైకుల్లో ఉండేది షంట్ రకం రెగ్యులేటర్. స్టేటర్ ఎప్పుడూ తన పూర్తి కరెంటు తను ఇస్తూనే ఉంటుంది, మనం వాడనిదాన్ని రెగ్యులేటర్ షార్ట్ చేసి వేడిగా వదిలేస్తుంది. నువ్వు ఇంకో 40 వాట్లు వాడితే ఆ వృథా కొంచెం తగ్గుతుందంతే, స్టేటర్‌కి కొత్తగా భారం పడదు. వచ్చేదానికంటే ఎక్కువ లాగితే అసలు తంటా మొదలవుతుంది. వోల్టేజి పడిపోతుంది, బ్యాటరీ నిండదు, రోజూ సగం ఆకలితో ఉండి తొందరగా చస్తుంది. నీ దగ్గరికొచ్చిన బళ్లలో మెయిన్ వైరింగ్‌నే కోసి లోడు కలిపి ఉంటారు. అక్కడ వదులు జాయింటు వేడెక్కి కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) కరిగిపోతుంది, పేరు మాత్రం స్టేటర్‌కి వస్తుంది.

మెకానిక్_మాట
కప్లర్ కరిగిన మాట నిజమే. అయినా నేను బిగించను.

పల్సర్_పిల్ల
వాదన ఎందుకు, 300 రూపాయలకి చిన్న వోల్ట్‌మీటర్ వస్తుంది, హ్యాండిల్ దగ్గర పెట్టుకోండి. బండి పరుగులో ఉన్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపిస్తే ఛార్జ్ అవుతున్నట్టు. అన్నీ ఆన్ చేశాక 12.8 కిందికి జారిందంటే ఏదో ఒకటి ఆపాలి. నేను హీటెడ్ గ్రిప్స్ పెట్టినప్పటి నుంచి అదే చూసుకుంటున్నా.

కోఠీ_కుర్రాడు
హైదరాబాద్‌లో హీటెడ్ గ్రిప్సా?

పల్సర్_పిల్ల
లంబసింగికి డిసెంబర్‌లో తెల్లవారుజామున బండి మీద ఎక్కి చూడు, తర్వాత మాట్లాడదాం.

గండికోట_రైడర్
వైర్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్_వైరింగ్
పసుపు: ఎప్పుడూ 12 వోల్టులు ఉండాలి, గడియారం, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి. ఎరుపు: కీ తిప్పితే వచ్చే కరెంటు. నలుపు: ఎర్త్. తెలుపు జత ముందు ఎడమ స్పీకరు, బూడిద రంగు జత ముందు కుడి, ఆకుపచ్చ, ఊదా వెనకవి. ప్రతి జతలో నల్ల చార ఉన్నది మైనస్. నీలం, నారింజ వైర్లతో నీకు పనిలేదు, విడివిడిగా టేపు చుట్టి వదిలెయ్. ఇది మామూలు పద్ధతి. పేరులేని చైనా సెట్లలో రంగులు మారతాయి, కప్లర్ మీద అంటించిన పటం చూసుకో.

బైకు కుర్రాళ్లు చేసే పెద్ద తప్పు ఒకటుంది. బైకులో హారన్ మైనస్ అయినా, లైటు మైనస్ అయినా ఫ్రేముకి తగిలిస్తే సరిపోతుంది కదా, స్పీకర్ల మైనస్ కూడా తీసుకెళ్లి ఫ్రేముకి బిగించేస్తారు. ఆ సెట్లలో స్పీకరు రెండు వైర్లకీ యాంప్లిఫయర్ నుంచే సిగ్నల్ వస్తుంది. మైనస్‌ని ఎర్త్ చేస్తే ఐసీ పోవచ్చు. రెండు వైర్లూ స్పీకరు దాకా విడిగానే వెళ్లాలి.

స్టేటర్_శాస్త్రి
పసుపు వైరుని బ్యాటరీకి నేరుగా ఇవ్వొద్దు. ఆండ్రాయిడ్ సెట్లు ఆర్పినా పూర్తిగా పడుకోవు. 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 8 ఏహెచ్ బ్యాటరీ 160 గంటల్లో, అంటే వారంలోపే ఖాళీ. సగానికి పడేసరికే సెల్ఫ్ తిరగనంటుంది. మీరు సోమవారం ఆఫీసు క్యాబులో వెళ్తే శుక్రవారానికి బండిని నెట్టుకోవాలి. హిమాలయన్‌కి కిక్ లేదు కూడా. పసుపు, ఎరుపు రెండూ కలిపి కీ ఆన్‌తో పనిచేసే రిలే (చిన్న కరెంటుతో నడిచే స్విచ్) నుంచి ఇవ్వండి.

గోదారి_గాలి
అలా ఇస్తే కీ తీసిన ప్రతిసారీ సెట్టు మొదటి నుంచి బూట్ అవుతుందండి. టీ కొట్టు దగ్గర ఆగి ఎక్కితే లోగో చూస్తూ కూర్చోవాలి.

స్టేటర్_శాస్త్రి
టీకి ఆగినవాడికి ఇంకో అర నిమిషంలో ఏం పోతుంది?

గోదారి_గాలి
మీరు మా రాజమండ్రిలో ఆగలేదు అనుకుంటా. ఒక వీధిలో మూడు చోట్ల ఆగాలి, ఆయ్.

కోఠీ_కుర్రాడు
ఇంత తంటా పడేబదులు పాత ఫోన్, 500 రూపాయల హోల్డరు, ఒక యూఎస్బీ ఛార్జర్. అయిపోయింది. మీరు నాసా వాళ్లలాగా వైర్లు చర్చిస్తున్నారు.

గండికోట_రైడర్
ఫోన్ ఎందుకు వద్దంటున్నానో చెప్తా. సింగిల్ సిలిండర్ బండి కదా, హ్యాండిల్ వణుకుడికి నా ఫోన్ కెమెరా ఫోకస్ పోయింది. యాపిల్ వాళ్లే 2021లో చెప్పారు, పెద్ద ఇంజన్ల బైకుల హ్యాండిల్‌కి ఫోన్ నేరుగా బిగించొద్దని, ఆ వణుకుడు కెమెరాలోని స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ భాగాలని పాడుచేయొచ్చని. పైగా మే నెల ఎండలో ఛార్జింగ్, మ్యాపు, డేటా మూడూ నడిస్తే ఫోన్ వేడెక్కి తెర మసకబారిపోతుంది. ఈ సెట్టుకి కెమెరా లేదు, బ్యాటరీ లేదు, పాడయ్యేవి తక్కువ.

కోఠీ_కుర్రాడు
అందుకే "పాత" ఫోన్ అన్నాను. పోతే పోయింది. వణుకుడికి రబ్బరు డ్యాంపర్ ఉన్న హోల్డర్లు వస్తున్నాయి.

పల్సర్_పిల్ల
ఎండలో మసకబారేది మీ సెట్టు కూడా. కారు తెర తయారయ్యేది పైన కప్పు, ముందు అద్దం ఉన్న చోటుకి. నేరుగా ఎండ పడితే అందులో మీ ముఖం కనిపిస్తుంది, మ్యాపు కాదు. బైకు కోసమే చేసే తెరలు 1000 నిట్స్ దాకా వెలుగుతాయి, మామూలు కారు సెట్టు అందులో సగం కూడా ఉండదు. గ్లవ్స్‌తో టచ్ కూడా పనిచేయదు.

బుల్లెట్_బాబాయ్
ముఖం కనిపిస్తే మంచిదే, హెల్మెట్ తీశాక జుట్టు సరిచేసుకోవచ్చు.

డాలస్_రోడ్లు
నేను ఇక్కడ టెక్సస్‌లో సెకండ్ హ్యాండ్ హోండా గోల్డ్‌వింగ్ నడుపుతున్నాను. దీనికి మ్యాపు, స్పీకర్లు కంపెనీ నుంచే వస్తాయి. ఐఫోన్ మ్యాపు, పాటలు బండి తెర మీదికి తెచ్చే కార్‌ప్లే వచ్చిన మొదటి బైకు ఇదే, 2018 మోడల్. ఆండ్రాయిడ్ ఫోన్లకి అలాంటిదే అయిన ఆండ్రాయిడ్ ఆటో తర్వాత 2020లో ఇచ్చారు. అలాంటి బండిలో కూడా కార్‌ప్లే తెరుచుకోవాలంటే హెడ్‌సెట్ కనెక్ట్ చేయాలి. ముందర పెద్ద పెద్ద స్పీకర్లు ఉన్నా సరే. ఎడమా కుడా చెప్పే గొంతు చెవిలో పడాలన్నది వాళ్ల ఉద్దేశం అని నేననుకుంటున్నా. హైవే ఎక్కాక స్పీకర్ల పాట నాకు వినపడదు, పక్క లేన్ వాళ్లకి వినపడుతుంది.

గండికోట_రైడర్
అన్నా, నా సెట్టుకి రివర్స్ కెమెరా కూడా ఉంది, బావ అది కూడా ఇచ్చాడు.

కోఠీ_కుర్రాడు
రివర్స్ గేర్ ఎవరిచ్చారు?

డాలస్_రోడ్లు
మా బండికి రివర్స్ ఉంది. కెమెరా లేదు. మనిద్దరం కలిస్తే ఒక కారవుతుంది.

లా_పాయింట్
ఎవరూ చట్టం ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో వచ్చిన 182ఏ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

స్టేటర్_శాస్త్రి
స్టీరియో ఆర్సీలో ఉండే వివరం కాదు కదా. ఇంజను, ఛాసిస్, సీట్ల సంఖ్య, రంగు లాంటివి మారిస్తే ఆ సెక్షన్. లేకపోతే మొబైల్ హోల్డరు పెట్టిన ప్రతివాడూ జైల్లో ఉండాలి.

లా_పాయింట్
నా వాదన కూడా అదే వైపు మొగ్గుతుంది. కానీ రోడ్డు మీద ఆపేది కోర్టు కాదు, ఎస్సై. ఫ్రేముకి వెల్డింగ్ చేసి స్టాండు పెడితే అది నిర్మాణంలో మార్పు అనడానికి చోటిచ్చినట్టే. నట్టు బోల్టుతో విప్పుకునేలా ఉండాలి. మ్యాపు చూడటం వరకైతే ఇబ్బంది లేదు, 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనలో దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవింగ్ మీద ధ్యాస చెదరకుండా, చేతిలో పట్టుకునే పరికరం వాడొచ్చని ఉంది. సిగ్నల్లో వీడియో పెడితే మాత్రం నేను రక్షించలేను.

ఇంకోటి, శబ్దం. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ అన్నది 2000 నాటి నిబంధన. బుల్లెట్ బాబాయ్ చెప్పిన యాక్టివా అది ఎప్పుడో దాటేసి ఉంటుంది.

బుల్లెట్_బాబాయ్
దాని స్పీకర్లకంటే నా సైలెన్సర్ ఎక్కువ శబ్దం చేస్తుంది. ఈ పాయింటు పొడిగించకండి.

నల్లమల_బాట
మ్యాపు గురించి ఎవరూ చెప్పని సంగతి. కారు సెట్టు కదా అని ఆండ్రాయిడ్ ఆటో మోడ్‌లో మ్యాపు నడిపితే అది మిమ్మల్ని కారు అనుకుంటుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కమంటుంది, బైకులకి అక్కడ అనుమతి లేదు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కమంటుంది, అక్కడా లేదు. బెంగళూరు – మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డులో 2023 ఆగస్టు నుంచి అంతే. కొత్త ఊళ్లో, రాత్రిపూట, తెర చెప్పింది కదా అని ర్యాంపు ఎక్కేస్తే మళ్లీ వెనక్కి తిరిగే చోటు ఉండదు. సెట్టులోనే గూగుల్ మ్యాప్స్ పెట్టుకుని టూ వీలర్ మోడ్ ఎంచుకోండి, అది మన దేశంలో 2017 డిసెంబర్ నుంచి ఉంది.

రెండోది. సెట్టులో సిమ్ ఉండదు. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, మీరు ఎక్కడున్నారో అది చెప్పేస్తుంది, కానీ చుట్టూ ఖాళీ గళ్ల కాగితం కనిపిస్తుంది. మన్ననూరు దాటాక ఫోన్ హాట్‌స్పాట్ కూడా దేవుడి దయే. ఇంట్లో వైఫైలో నాగర్‌కర్నూల్ నుంచి శ్రీశైలం దాకా ఆఫ్‌లైన్ మ్యాపు దించుకుని బయల్దేరండి. మారేడుమిల్లి, చింతూరు వైపు వెళ్తే అదీ దించుకోవాలి.

గండికోట_రైడర్
ఇది నాకు తట్టనే లేదు. పోయినసారి ఆరాంఘర్ దగ్గర వెళ్లొద్దని పోలీసు ఆపింది అందుకేనన్నమాట. జీపీఎస్ యాంటెన్నా అని వైరుతో చిన్న నల్ల డబ్బా ఒకటి ఇచ్చారు, అది ఎక్కడ అంటించాలి?

నల్లమల_బాట
ఆకాశం కనిపించేలా, అయస్కాంతం ఉన్న వైపు కిందికి. ప్లాస్టిక్ కింద ఉన్నా ఫర్వాలేదు, ఇనుము కింద ఉండకూడదు. ఆ ఎల్ఈడీ ఫాగ్ లైట్లకి దూరంగా పెట్టండి, చవకరకానివైతే వాటి నుంచి వచ్చే గోల సిగ్నల్‌ని పాడుచేస్తుంది.

పల్సర్_పిల్ల
అసలు ఎక్కడ పెడతారు సెట్టుని? ముఖం 178 బై 100 మిల్లీమీటర్లు. హ్యాండిల్ మీద అంత బరువు పెడితే గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్‌లో తెలుస్తుంది. ట్యాంకు మీద పెడితే చూడ్డానికి తల వంచాలి, 80లో ఉన్నప్పుడు ఒక్క సెకనుకి 22 మీటర్లు పోతారు.

గండికోట_రైడర్
ట్యాంక్ బ్యాగు పైన పారదర్శకంగా ఉంటుంది కదా, అందులో పెడదామని. వానకీ పనికొస్తుంది.

ఆటోనగర్_వైరింగ్
సెట్టు వెనక అల్యూమినియం రెక్కలు చూశావా? అవి గాలి కోసం. మూసిన బ్యాగులో, కింద ఇంజను వేడి, పైన ఎండ. ఒంగోలు చేరేలోపు ఆరిపోతుంది. చల్లారాక మళ్లీ పనిచేస్తుంది, అలా కొన్నిసార్లు చేసి ఒకరోజు శాశ్వతంగా ఊరుకుంటుంది. గాలి వదిలితే వాన నీళ్లు వస్తాయి, వాన ఆపితే గాలి ఆగుతుంది. కారు సెట్టుతో ఈ పేచీ తెగదు. అందుకే పడవల కోసం నీళ్లు చొరకుండా చేసే స్టీరియోలు వేరే ఉంటాయి.

ఒక దారి చెప్తాను. స్పీకర్లు మానెయ్. యాంప్లిఫయర్ పనిచేయకపోతే వేడి చాలావరకు తగ్గిపోతుంది, కరెంటు కూడా ఆంపియరున్నర లోపే. పాటలు, దారి చెప్పే గొంతు రెండూ బ్లూటూత్‌లో హెల్మెట్‌కి పంపించు. విండ్‌షీల్డు వెనకాల, మీటర్ల పైన రెండు క్లాంపులతో అడ్డకడ్డీ వేసి దానికి సెట్టు బిగించు, పైన వెడల్పాటి నీడపట్టీ పెట్టు. వాన మొదలైతే ఆపి తొడుగు వేసెయ్. తుంపరకి ఏమీ కాదులే అనుకోవద్దు.

గోదారి_గాలి
హెల్మెట్ ఇంటర్‌కమ్ అంటే మళ్లీ వేలల్లో ఖర్చు. చేతిలో స్పీకర్లు పెట్టుకుని కొత్తది కొనడం ఏంటండీ?

డాలస్_రోడ్లు
80 దాటాక హెల్మెట్ లోపల గాలి హోరే 90 డెసిబుల్స్ మించుతుంది. దాని మీద స్పీకరు వినపడాలంటే ఎంత సౌండు పెట్టాలో ఆలోచించు. చెవులకి కూడా మంచిది కాదు. నేను గోల్డ్‌వింగ్ స్పీకర్లు పార్కింగ్‌లో తప్ప వాడను.

లా_పాయింట్
చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్స్ వేరు, హెల్మెట్ ప్యాడింగ్‌లో ఉండే స్పీకర్లు వేరు. మొదటివి పెట్టుకుని హైదరాబాద్‌లో కెమెరాకి చిక్కితే చలానా ఇంటికొస్తుంది. రెండోవి కూడా చిన్న సౌండులో వాడుకోండి, వెనక లారీ హారన్ వినపడాలి.

కోఠీ_కుర్రాడు
అంటే చివరికి తేలిందేంటి? స్పీకర్లు వద్దు, కెమెరా వద్దు, ఆండ్రాయిడ్ ఆటో వద్దు, వానలో వద్దు. మిగిలింది మ్యాపు చూపించే తెర. దాన్నే ఫోన్ అంటారు.

గండికోట_రైడర్
7 అంగుళాల ఫోన్ నీ దగ్గరుంటే ఇవ్వు, వాడుకుంటా.

స్పీకర్లు మానేస్తున్నా, ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి. ఆటోనగర్ అన్న చెప్పినట్టు అడ్డకడ్డీ మీద సెట్టు ఒక్కటే బిగిస్తా. ఎండలో కనిపించకపోతే అప్పుడు చూద్దాం. అన్నా, రిలేకి నాలుగు కాళ్లున్నాయి, 30, 85, 86, 87 అని. ఏది ఎక్కడికి?

ఆటోనగర్_వైరింగ్
30కి బ్యాటరీ ప్లస్, మధ్యలో 5 ఆంపియర్ల ఫ్యూజు. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఉండాలి, సెట్టు దగ్గర పెడితే మధ్యలో వైరు రాసుకుపోయి ఫ్రేముకి తగిలినప్పుడు దాన్ని కాపాడేది ఏదీ ఉండదు. 87 నుంచి సెట్టు పసుపు, ఎరుపు రెండూ కలిపి. 85 ఎర్త్. 86కి కీ తిప్పితే కరెంటు వచ్చే వైరు, టెయిల్ లైటుది తీసుకో. ఈసీయూకి, ఏబీఎస్‌కి వెళ్లే వైర్ల జోలికి పోవద్దు. సెట్టు నలుపు వైరు ఫ్రేముకి కాదు, బ్యాటరీ మైనస్‌కే తీసుకెళ్లు, లేకపోతే ఇంజను రేజ్ చేసినప్పుడల్లా హెల్మెట్‌లో కీచుమనే అవకాశం ఉంది.

జాయింట్లు సోల్డర్ చేయకు. వణుకుడికి సోల్డర్ అయిపోయే చోట వైరు తెగుతుంది. మంచి క్రింపింగ్ ప్లయర్‌తో లగ్గులు నొక్కి పైన హీట్ ష్రింక్ వెయ్.

స్టేటర్_శాస్త్రి
సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజి 9, 10కి పడి సెట్టు రీస్టార్ట్ అవుతుంది. అది జబ్బు కాదు, కంగారుపడి ఎవరికీ చూపించకండి. ముందు బండి స్టార్ట్ చేసి ఆ తర్వాత సెట్టు ఆన్ అయ్యేలా రిలే 86 వైరు మధ్యలో చిన్న స్విచ్ పెట్టుకోండి.

మెకానిక్_మాట
స్విచ్ పెట్టేది నీళ్లు పడనిది చూసుకో. మామూలు టాగుల్ స్విచ్‌లు ఒక్క వానాకాలానికే తుప్పు పడతాయి. హిమాలయన్ సీటు కింద రిలేకి చోటు ఉంటుంది, టూల్ కిట్ పక్కన.

గోదారి_గాలి
ఆ స్పీకర్లు ఎన్ని అంగుళాలవండీ? మా తమ్ముడి ఆటోకి కావాలి.